లంకపప్పు గుణప్రకాశిక

1877 జూన్ 11, సోమవారం. ఆత్మకూరు.

ఈ రోజు శిరస్తాదారు ఆదినారాయణ పంతులు గారి మీదికి సిరాబుడ్డి విసరలేదు. విసరాలనిపించింది. బత్తెం అందలేదని ఒక ముసలామె అర్జీ తెస్తే, ఆయన రెండు పంక్తులు చూసి పక్కన పెట్టి ముక్కుపొడుం పీల్చాడు. నా చెయ్యి బుడ్డి దాకా వెళ్లింది. అక్కడ ఆగింది.

నా దగ్గరున్న పదకొండు చిన్న పుస్తకాల్లో నాలుగోది కోపాన్ని గురించి. కోపం వచ్చినప్పుడు నోటితో కాక కాగితంతో చెప్పుకోవాలని అందులో ఉంది. అందుకే ఈ పుస్తకం. కచేరీలో ఒకవైపు రాసి పారేసిన కాగితాలు పోగుచేసుకొచ్చాను, అక్క దారం పెట్టి కుట్టింది. కుట్టి, "నీ కోపానికి ఇవేం చాలుతాయి నరసా" అన్నది.

కచేరీలో నేను వాలంటీరుని. జీతం లేదు. పంతులు గారి చిత్తుప్రతులను సాపు రాయడం నా పని. ఖాళీ వస్తే ఉద్యోగం ఇస్తామన్నారు. రెండేళ్లయింది. ధాత నామ సంవత్సరంలో మొదలైన ఈ కరువులో తాలూకా నిండా మనుషులు పోయారు. కచేరీలో మాత్రం ఎవరూ పోలేదు.

జూన్ 19, మంగళవారం.

కామయ్య గారి బండ్లు వచ్చాయి. ఉదయగిరి రోడ్డు మీద కరువు పని చేసేవాళ్లకు గింజలతో పాటు పప్పు కొలిచి ఇచ్చే కంట్రాక్టు ఆయనది. కందిపప్పు దొరకడం లేదని ఉత్తరాది నుంచి లంకపప్పు తెప్పించాడు. చూస్తే కందిపప్పే అనుకుంటాం. బద్ద చేయని గింజ మాత్రం మూలలు తేలి, చిన్న గొడ్డలి తలలాగా ఉంది.

బండ్లతో వచ్చిన ఉత్తరాదివాడొకడు ఎద్దులకు నీళ్లు పెడుతుంటే మాట కలిపాను. తమ వైపు దీన్ని గొడ్లకు వేస్తారని వచ్చీరాని తెలుగులో చెప్పాడు. కరువులో మనుషులూ తిన్నారట. రెండు నెలలు ఇదే తిన్నవాడు కర్ర పట్టుకున్నాడు, నాలుగు నెలలు తిన్నవాడు పాకాడు, మళ్లీ లేవలేదు. తినక తప్పకపోతే ఒకసారి ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఉడికించుకుంటామన్నాడు. వాడికి ఇందులో చెప్పాల్సినంత విశేషం ఉన్నట్టు తోచలేదు. ఎద్దుల వంకే చూస్తూ చెప్పాడు.

నేను కామయ్య గారి అంగడి ముందు నిలబడి, విషం అమ్ముతున్నావని బజారంతా వినేట్టు అరిచాను. ఈ పుస్తకం ఇంట్లో ఉండిపోయింది.

కామయ్య గారు కోప్పడలేదు. అరుగు మీద చాప వేయించి మజ్జిగ తెప్పించాడు. నేను తాగేదాకా ఆగి అన్నాడు: "అబ్బయ్యా, ఈ ఊళ్లో నోరుండేవాళ్లు శానామంది ఉండారు. చదువుండేది నీకే. ఆ బండోడు జెప్పింది నిజమా కాదా నువ్వే విచారించు. విచారించి రాయి. చెన్నపట్నంలో అచ్చేయిస్తా. నిజమే రాయాల, అబద్ధం నాకు గిట్టదు."

నా పేరు వేస్తారా అని అడిగాను. అడగవలసింది కాదు. వేస్తామన్నాడు.

జూన్ 20.

పన్నెండో పుస్తకం నాది అవుతుంది.

అచ్చులో అబద్ధం ఉండదు. ఎందుకంటే ఒక్కొక్క అక్షరాన్ని సీసంతో పోత పోసి, తిరగేసి పేర్చి, మసి పూసి ఒత్తాలి. అబద్ధం కోసం అంత కష్టపడేవాడు ఎవడుంటాడు?

జూన్ 28, గురువారం.

విచారణ సాగుతోంది. బండివాడు వెళ్లిపోయాడు గనక వాడిని మళ్లీ అడగడానికి లేదు. కామయ్య గారు ఒక నియమం చెప్పాడు, అది నాకు నచ్చింది: తేలినదే రాయాలి, సందేహం ఉన్నది రాయకూడదు. శాస్త్రం కూడా అదే గదా. బండివాడి మాట ఎవడో ఒకడు అన్న మాట, తేలినది కాదు. కనక రాయకూడదు. అయినా నీళ్లు పారబోయాలన్న మాట మాత్రం జాగ్రత్త కింద పెడతానన్నాను. పెట్టుకోమన్నాడు.

ఆయనకు తెలిసిన వైద్యుడి దగ్గరికి పంపాడు. కాళ్లు పట్టేయడం వాతం వల్ల అని వైద్యుడు చెప్పాడు. ఆకలి, రాళ్ల మీద నడక, పూర్వజన్మం కూడా కారణాలేనట. పప్పు చూపించాను. కందిపప్పు అన్నాడు.

మధ్యాహ్నం భోజనం కామయ్య గారి అరుగు మీదే. రాసేవాడు ఆకలితో ఉండకూడదంటాడు. వంకాయ కూర, పప్పు, అన్నం. పప్పు కందిపప్పు. లంకపప్పు వండలేదేమని అడిగితే, ఇంట్లో అయిపోయిందన్నారు.

సాయంత్రం వచ్చేటప్పుడు ఒక తవ్వెడు లంకపప్పు మూట కట్టి ఇచ్చాడు, ఇంటికి తీసుకుపొమ్మని. ప్రతి వారం ఇస్తాడట. అక్కకు రోడ్డు మీద దొరికే బత్తెం సగం పూటకే సరిపోతోంది. ఇప్పుడు రెండు పూటలా పప్పు ఉంటుంది. అక్క సంతోషించింది. మా బావ పోయిన నాటి నుంచి నన్ను పెంచింది అక్కే, చెంచమ్మ. ఇన్నాళ్లకు నేను ఒకటి ఇంటికి తెచ్చాను.

జూలై 15, ఆదివారం.

మా వీధిలో చావు. తప్పెట మస్తానయ్య వచ్చాడు. కచేరీ తాఖీదులు ఊరూరా చాటేదీ ఆయనే, చావు తప్పెట కొట్టేదీ ఆయనే. రెంటికీ మోత వేరు. చాటింపుకు మూడు దెబ్బలు కొట్టి ఊరుకుంటాడు. చావుకు ఊరుకోడు. చావు తప్పెట వినిపించినంతసేపూ ఆ చుట్టుపక్కల ఎవరూ తినరు. పొయ్యిలో నిప్పు ఆర్పుతారు, చేతిలో ముద్ద ఉంటే దించేస్తారు. ఈ ఏడు చావులు ఎక్కువై జనానికి తినడానికి సందు దొరకడం లేదని, ఇప్పుడు పొద్దున ఒక్కసారే అందరికీ కలిపి కొడుతున్నాడు.

నా ఆరో పుస్తకం ప్రకారం ఇదంతా మూఢాచారం. మస్తానయ్యకు ఆ సంగతి చెప్పాను. "అట్నే అయ్యా" అని, తప్పెట మంట దగ్గర కాచుకున్నాడు.

అక్క కూడా కుండ దించేసింది. శవం లేచేదాకా తినలేదు.

జూలై 29.

అక్క గడప దాటుతూ తట్టుకుంది. గడప ఎత్తుగా ఉంది.

ఆగస్టు 5.

పుస్తకం పూర్తయింది. పేరు 'లంకపప్పు గుణప్రకాశిక'. కామయ్య గారు చదివించుకుని రెండు చోట్ల కళ్లు తుడుచుకున్నాడు. "బలకరము" అనే మాట ఇంకో మూడు చోట్ల పడితే బాగుంటుందన్నాడు. వేశాను. పప్పు ఏదైనా బలకరమే గదా, అది తేలిన విషయమే.

వాళ్లింట్లో ఈ రోజు కూడా లంకపప్పు అయిపోయిందట. వెనక కొట్టులో బస్తాలు దూలాలకు తగులుతున్నాయి.

ఆగస్టు 12.

గడప కొంచెం చెక్కాను. అక్క మళ్లీ తట్టుకుంది.

ఆగస్టు 20, సోమవారం.

అచ్చయి వచ్చింది. ఎనిమిది పుటలు. పై అట్ట మీద నా పేరు. పెంచలనరసయ్య. నా పేరులో ఇన్ని అక్షరాలున్నాయని ఇంతకు ముందు గమనించలేదు.

నీళ్లు పారబోయాలన్న మాట లేదు. మొదటి నుంచి చివరికి రెండుసార్లు వెతికాను. కామయ్య గారిని అడిగితే, ఎనిమిది పుటల్లో పట్టలేదని అచ్చువాళ్లు తీసేశారన్నాడు. "ఐనా నీళ్లు పారబోయమంటే ఎవురు కొంటారు అబ్బయ్యా? కరువులో ఉడుకునీళ్లు కూడా తాగి బతకతా ఉండారు. ఆ కాస్తా పారబోయమంటావా? పాపం గదా." కోపం రావలసింది. ఆ మాటలో న్యాయం కూడా ఉన్నట్టు తోచింది.

చివరి పుటలో సగం ఖాళీగా ఉంది. అక్కడ తామరపువ్వు వేశారు.

ఆగస్టు 21.

అక్కకు పుస్తకం మొత్తం చదివి వినిపించాను. రాళ్లు మోసేవారికి కాళ్లు పట్టడం వాతం అని ఉన్న చోట రెండుసార్లు చదివాను. నిదానంగా విన్నది. నా పేరు ఎక్కడుందో చూపించమని వేలు పెట్టి తడిమింది.

ఆగస్టు 27, సోమవారం.

మస్తానయ్య కచేరీ వసారా కింద నిలబడి నాకోసం అడిగాడు. కొడుకు కొండలయ్య రోడ్డు పనిలో ఉన్నాడు, ఇరవై రెండేళ్ల మనిషి. పది రోజులుగా లేవలేకపోతున్నాడు. జ్వరం లేదు, దెబ్బ లేదు. కాళ్లు కత్తెరలాగా ఒకదాని మీదొకటి పడుతున్నాయట. ఈ పప్పు గురించి నేను పుస్తకం రాశానని ఎవరో చెప్పారు, అందులో ఏముందో చెప్పమన్నాడు.

చదివాను. మస్తానయ్య చేతులు కట్టుకుని చివరిదాకా విన్నాడు. తామరపువ్వు కూడా చూపించాను.

"అయ్యా, ఇందులో మావోడి కాళ్లుండాయా?" అన్నాడు.

లేవన్నాను. దండం పెట్టి వెళ్లిపోయాడు. దండం ఎందుకు పెట్టాడో తెలియదు.

ఆగస్టు 30.

గడప పూర్తిగా తీసేశాను. గడప లేని ఇల్లు ఇల్లేందిరా అని అక్క తిట్టింది. ఇప్పుడు లేని గడపకు తట్టుకుంటోంది.

సెప్టెంబరు 10, సోమవారం.

రోడ్డు దగ్గరికి వెళ్లాను. ఇది కొండలయ్య ఒక్కడి సంగతేనని చూసుకుని రావడానికి. అదే తేలుతుందని అనుకున్నాను.

కూలీలు గంపలు మోస్తూ వరసగా వస్తున్నారు. మోకాళ్లు ఒరుసుకుంటూ, మడమలు నేలకు ఆనకుండా, వేళ్ల మీద నడుస్తున్నవాళ్లను ఒక్కొక్కరినే లెక్కపెట్టాను. ఇరవై మూడుమంది. ఇరవై నాలుగో ఆమె నన్ను చూసి గంప దించి, "అన్నం తిన్న్యావా నరసా?" అని అడిగింది.

తిన్నానన్నాను. తిన్నాను కూడా. కామయ్య గారి అరుగు మీద, కందిపప్పుతో.

సెప్టెంబరు 11.

ఇంట్లో ఉన్న పప్పు పెంటలో పారబోశాను. అక్క ఖాళీ కుండ బోర్లించింది. సాయంత్రం వండడానికి ఏమీ లేదు.

సెప్టెంబరు 12, బుధవారం.

కచేరీలో కూర్చుని తాఖీదుకు చిత్తు రాశాను. నాకు ఆ అధికారం లేదు. రాశాను.

'లంకపప్పు తినవద్దు. తింటే కాళ్లు పడిపోతాయి. తినక తప్పనివారు ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఉడికించి తినాలి.'

ఇరవై నలుగురి పేర్లు కింద రాసి పంతులు గారికి ఇచ్చాను. విసిరి ఇచ్చానని ఆయన అంటున్నాడు. అందులో నిజం ఉంది.

ఆయన చదివి, చాలాసేపు ముక్కుపొడుం పీల్చలేదు. "వోరే, సర్కారు కొలిచిచ్చే పప్పు తినొద్దని సర్కారే జెప్తుందా? కాస్త మెత్తగా రాస్తే పైకి పంపుతా. మెత్తగా రాయకపోతే ఈ బల్ల కూడా దాటదు" అన్నాడు. ఆయనకు నా మీద ద్వేషం లేదు. అదే నాకు కష్టంగా ఉంది.

సెప్టెంబరు 17.

పంతులు గారు దిద్దినది:

'లంకపప్పును అధికముగా తినరాదు. తినినచో కాళ్లకు కొంత అలసట కలుగవచ్చునని కొందరు చెప్పుచున్నారు.'

సాపు రాశాను. పేర్ల జాబితా ఉత్తరువులో ఇమడదట.

సెప్టెంబరు 24, సోమవారం.

కరువు కమిటీ కూర్చుంది. తాశీల్దారు గారు అధ్యక్షుడు. కామయ్య గారు సభ్యుడు. ధాన్యం సంగతి తెలిసినవాడు కమిటీలో ఒకడైనా ఉండాలి గదా అని వేసుకున్నారట. ఒక్క పప్పు పేరే ఎత్తడం మిగతా పప్పులకు పక్షపాతం అవుతుందని ఆయన సౌమ్యంగా చెప్పాడట. కమిటీ ఒప్పుకుంది.

'ఏ పప్పునైనను అధికముగా తినరాదు.'

మనిషికి రోజుకు చారెడు పప్పు కొలుస్తారు. అందులో అధికం ఎంతో నాకు తేలలేదు. సాపు రాశాను.

అక్క పనికి వెళ్లడం మానేసింది. మానేయలేదు, వెళ్లలేకపోయింది. నేను కామయ్య గారి అరుగు మీద భోజనం మానేశాను. ఎవరూ గమనించలేదు.

అక్టోబరు 1, సోమవారం.

నెల్లూరు నుంచి డాక్టరు దొర వచ్చాడు. కాళ్ల జబ్బు సంగతి ఆయన దాకా ఎలాగో వెళ్లింది. ఇప్పుడు తేలిపోతుందని పొద్దున నుంచి వసారాలో నిలబడ్డాను. ఇరవై నలుగురి పేర్లు జేబులో ఉన్నాయి.

లోపలికి పిలిచారు. దొర చేతిలో నా పుస్తకం ఉంది. కామయ్య గారు పక్కన కూర్చుని, ఈ పిల్లవాడే, మాకు ఏ సంబంధమూ లేదు, తనంతట తానే విచారించి రాశాడు అని చెబుతున్నాడు. దొర నన్ను రెండే అడిగాడు, పంతులు గారు తెలుగులో చెప్పారు. ఇది నువ్వు రాశావా? రాశాను. ఇందులో ఉన్నది నిజమేనా?

నేను అబద్ధం చెప్పలేదు. "అచ్చయింది దొరా" అన్నాను.

పంతులు గారు దాన్ని ఇంగ్లీషులో ఏమని చెప్పారో తెలియదు. దొర తల ఊపి, కూలీల కాళ్లు వాచి ఉన్నాయా అని కమిటీని అడిగాడు. కొందరికి వాచి ఉన్నాయి, ఆకలి వల్ల. అయితే అంతా ఆకలే అని రాసుకున్నాడు. భోజనానికి లేచాడు.

జేబులో కాగితం తీయడానికి చెయ్యి వెళ్లింది. ఈసారి సిరాబుడ్డి లేదు, కాగితమే. అయినా ఆగింది. ఎందుకు ఆగిందో రాయడానికి కూర్చున్నాను. రాయలేకపోతున్నాను.

అక్టోబరు 2.

నా పేరు అట్ట మీద ఉండబట్టి.

అక్టోబరు 4, గురువారం.

తాఖీదు చివరి రూపం. దొర చూసి వెళ్లాడు గనక దానికి ఇంకా బలం వచ్చింది.

'ప్రజలు ఆత్రముగా భుజింపక నిదానముగా నమిలి భుజింపవలెను. లంకపప్పు బలకరమని విచారించినవారు అచ్చువేసియున్నారు. వదంతులను నమ్మరాదు.'

మొదట ఉదయగిరి సంతలో చాటి, అక్కడి నుంచి మర్రిపాడు, అనంతసాగరం, సోమశిల. మస్తానయ్య తప్పెట కొట్టాలి, నేను చదవాలి. విచారించినవాడే చదివితే జనం నమ్ముతారని కామయ్య గారి సలహా.

సాపులో ఒక్క తప్పు లేదని పంతులు గారు మెచ్చుకున్నారు.

అక్టోబరు 9, మంగళవారం. ఉదయగిరి.

నడిచి వచ్చాం, రెండు రోజులు. దారిలో మస్తానయ్య ఒక్కసారే మాట్లాడాడు. ఆ కాగితం ఒకసారి చదవమన్నాడు. చదివాను. "నువ్వు రాసిందేనా అయ్యా?" అన్నాడు. మొదటిది నేను రాశాను, ఇది నేను సాపు రాశాను అన్నాను. ఆ రెంటికీ తేడా ఆయనకు చెప్పడానికి ప్రయత్నించి, మర్రిపాడు దాటేలోపు మానేశాను. కొండలయ్య ఎలా ఉన్నాడని అడిగాను. పాకుతున్నాడన్నాడు.

సంత దుర్గం కొండ కింద. కామయ్య గారు ముందే బండి మీద వచ్చి ఉన్నాడు. లంకపప్పు కుప్ప పోసి అమ్మిస్తున్నాడు, పక్కనే నా పుస్తకాలు దొంతర. కొన్నవాళ్లకు పుస్తకం ఉచితం. చదువు వచ్చినవాళ్లు సంతలో లేరు గనక దాన్ని పుటలుగా చించి, పప్పు అందులోనే పొట్లం కట్టి ఇస్తున్నారు.

నేను కాగితం విప్పి నిలబడ్డాను. మస్తానయ్య తప్పెటను సంగటి అమ్మే ఆమె పొయ్యి దగ్గర కాచి బిగించుకుని వచ్చాడు. చాటింపు మోత నాకు తెలుసు. మూడు దెబ్బలు, ఊరుకోవడం, మళ్లీ మూడు.

మొదలైంది అది కాదు.

ముందు దగ్గరున్నవాళ్లు తలగుడ్డలు తీశారు. తర్వాత దూరంగా ఉన్నవాళ్లు. సంగటి ఆమె చెంబెడు నీళ్లు పొయ్యిలో పోసింది, పొగ లేచింది. ముద్ద నోట్లో పెట్టుకోబోతున్న ఒకడు దాన్ని ఆకులోకి దించి చెయ్యి కడుక్కున్నాడు. అంతా ఈ వైపు తిరిగి, శవం కోసం చూశారు. శవం లేదు. తప్పెట ఉంది, నేను ఉన్నాను, మా వెనక పప్పు కుప్ప ఉంది.

ఎవరు పోయారని ఒక ముసలాయన అడిగాడు. మస్తానయ్య చదవమన్నట్టు నా వంక తల ఊపాడు.

చదివాను. ఒక్క అక్షరం తప్పకుండా చదివాను. ప్రజలు ఆత్రముగా భుజింపక. నిదానముగా నమిలి. లంకపప్పు అన్న మాట దగ్గర మోత పెరిగింది. బలకరము అన్న మాట దగ్గర ఇంకా పెరిగింది. నా పుస్తకంలో ఆ మాట ఎన్నిసార్లు వేశానో నాకు గుర్తుంది.

కామయ్య గారు నవ్వుతూనే వచ్చాడు. "ఏంది మస్తానూ, అది చావు మోత. చేతులు తిమ్మిరి పట్టినాయా?"

"చేతులు బాగానే ఉండాయి సామీ. మావోడి కాళ్లే."

కొట్టడం ఆపకుండానే చెప్పాడు.

తాఖీదు మూడుసార్లు చదవాలని రూలు. మూడుసార్లు చదివాను. రెండోసారికి కుప్ప దగ్గర కొనేవాళ్లు లేరు. మూడోసారికి కొన్నవాళ్లు తిరిగి వచ్చారు. ఎవరూ అరవలేదు, ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. పొట్లాలు విప్పి పప్పు కుప్పలో పోశారు. కాగితం ముక్కలు మాత్రం తెచ్చి, మడత పెట్టి, నా కాళ్ల దగ్గర పెట్టి పోయారు. అవి నావి అని ఎవరో చెప్పినట్టుంది.

అక్టోబరు 12, శుక్రవారం. ఆత్మకూరు.

విచారణ. ఈసారి పప్పు మీద కాదు, తప్పెట మీద. తాశీల్దారు గారు అడిగితే మస్తానయ్య, తాఖీదులో ఒక్క మాటైనా నేను మార్చినానా దొరా, నేను కొట్టేవాణ్ణే గదా అన్నాడు. నన్ను అడిగారు. ఒక్క మాట కూడా మారలేదని సాక్ష్యం చెప్పాను. అది తేలిన విషయం.

తాఖీదుకు ఏ మోత కొట్టాలో ఏ ఉత్తరువులో ఉందని పంతులు గారిని వెతకమన్నారు. మధ్యాహ్నం దాకా వెతికారు. ఎక్కడా లేదు.

అయినా మస్తానయ్యను పని నుంచి తీసేశారు. తప్పెట కచేరీ వసారాలో పెట్టి పొమ్మన్నారు. పెట్టి, దానికి దండం పెట్టుకుని వెళ్లిపోయాడు.

అక్టోబరు 13.

మర్రిపాడు, అనంతసాగరం, సోమశిల మిగిలి ఉన్నాయి. చాటినట్టు నెల్లూరుకు రిపోర్టు పోవాలి. ఆ మూడు ఊళ్ల తప్పెటవాళ్లకూ కబురు పెట్టారు. ముగ్గురికీ కడుపునొప్పి.

అక్కకు చెప్పాను. ఆ పప్పు వారం వారం తెచ్చింది నేనే, అది మంచిదని అచ్చు వేయించింది నేనే అని. ఆమెకు తెలియని సంగతులు కావు. వరసగా చెప్పాను.

అక్క గోడకు ఆనుకుని ఉంది. కాళ్లు రెండూ చేతులతో ఎత్తి పక్కకు సర్దుకుంది.

"నువ్వు చదివి వినిపించిన్నాడే అనుకున్నా. వాతం అని రెండుసార్లు చదివినావు గదా."

మరి ఎందుకు తిన్నావని అడిగాను.

"ఇంకేముండాది తినేదానికి? పేరు అచ్చులో చూసుకోని నువ్వు రెండు దినాలు ఎవురి మీదా కోప్పళ్లేదు. సరే పోనీలే అనుకున్నా."

అక్టోబరు 14, ఆదివారం.

పొద్దున మస్తానయ్య ఇంటికి వెళ్లాను. ఊరి బయట వాళ్ల వాడకు నేను రావడం చూసి ఆయన కంగారుపడ్డాడు. మోత నేర్పమన్నాను. తప్పెట లేదు గనక చాట తిరగేసి నేర్పాడు. కుడిచేతి కట్టె సులువుగానే వచ్చింది. ఎడమచేతి సన్నపుల్ల రాలేదు. "అది కొట్టకూడదయ్యా. వణకాల" అన్నాడు. కొండలయ్య చాప మీద నుంచి వింటూ, నేను తప్పినప్పుడల్లా నేల మీద వేలితో సరైనది కొట్టి చూపించాడు. మధ్యాహ్నానికి వచ్చింది.

అక్కడి నుంచి పంతులు గారి ఇంటికి వెళ్లాను. రెండేళ్లకు కచేరీలో ఒక ఖాళీ వచ్చింది గనక అర్జీ రాసుకెళ్లాను. తప్పెట పని ఇప్పించవలసిందని.

ఆయన మొదట నవ్వాడు. తర్వాత అరుగు మీద కూర్చుని అర్జీ చదవడం మొదలుపెట్టాడు. ఆయన ఒక అర్జీని మొదటి నుంచి చివరి దాకా చదవడం నేను చూసింది ఇదే మొదటిసారి.

"ఆ తోలు ముట్టుకుంటే నువ్వు కచేరీ మెట్టెక్కేదానికి లేదు. తెలుసునా? ఎప్పుడో ఒకప్పుడు గుమాస్తా అయ్యేవాడివి."

తెలుసునన్నాను.

రిపోర్టుకు గడువు బుధవారం. ఆయన అర్జీ మడిచి నాకే తిరిగి ఇచ్చాడు. తప్పెట వసారాలోనే ఉంది, నేను ఇచ్చినట్టు కాదు, నువ్వు తీసుకున్నట్టు అన్నాడు. ఏ మోత కొడతావని అడగలేదు. నేను చెప్పలేదు.

తప్పెట తెచ్చి బయట చూరు కింద పెట్టాను. అక్క చూసింది.

"ఇంక మనింటికి ఎవురూ రారు" అన్నది.

రారన్నాను.

"గడప కూడా తీసేసినావు. వచ్చేదానికి సులువుగా ఉండె." తప్పెట వంక చూస్తూ, "యాదీ, కొట్టు చూద్దాం" అన్నది.

కొట్టాను. అక్క పొయ్యి మీద గంజి కాగుతోంది. పాకుతూ వెళ్లి కట్టె వెనక్కి లాగి, నిప్పు మీద నీళ్లు చల్లింది. అంటే మోత సరిగానే వచ్చింది.

రేపు మర్రిపాడు. ఎల్లుండి అనంతసాగరం, ఆ తర్వాత సోమశిల. తాఖీదులో ఒక్క అక్షరం మార్చను.

ఈ పుస్తకంలో కాగితాలు ఇంకా మిగిలాయి. అక్క పొయ్యి రాజేసుకోవడానికి ఇచ్చేశాను, ఈ ఒక్కటి తప్ప.